తిన్నది వంటబట్టాలంటే: కొవ్వులో కరిగే విటమిన్ల మీద ఒక ప్రసంగం

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం విశ్రాంత ఉద్యోగులు, ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు కలిసిన సభలో ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చి కూర్చోండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నన్ను గంట మాట్లాడమన్నారు. ఈ ఉక్కలో గంట మాట్లాడితే మీకూ కష్టం, నాకూ కష్టం. బేగి ముగించేస్తాను, మిగతా టైము మీ ప్రశ్నలకి.

విటమిన్ల మీద మాట్లాడమన్నప్పుడే చెప్పాను, అన్నిటి జోలికీ వెళ్ళను, నాలుగింటి గురించే చెబుతానని. ఏ, డి, ఇ, కె. ఈ నాలుగే ఎందుకు? ఇవి నీళ్ళలో కరగవు, కొవ్వులోనే కరుగుతాయి. అయితే ఏటట? అంటారు మీరు. అక్కడే ఉంది అసలు సంగతి. బి విటమిన్లు, సి విటమిను ఎక్కువైతే చాలామటుకు ఒంటేలులో పోతాయి. బి కాంప్లెక్సు మాత్ర వేసుకున్న రోజున పచ్చగా పోతుంది, చూశారా? అదే. ఈ నాలుగూ అలా పోవు. మన ఊళ్ళలో కోతలయ్యాక ధాన్యం పురి కట్టేవాళ్ళు కదా, ఏడాది పొడుగునా అందులోంచి తీసుకుని దంచుకునేవాళ్ళు. ఏ విటమినుకి మన లివరు అలాంటి పురి. డి విటమిను ఒంట్లో కొవ్వులో దాక్కుంటుంది. అందుకని వీటి కొరత ఒక్క రోజులో రాదు, నెలలు పడుతుంది. అలాగే ఎక్కువైతే ఒక్క రోజులో పోదు, దానికీ నెలలు పడుతుంది. ఇవాళ నేను చెప్పేదంతా ఈ రెండు ముక్కలే. నూనె లేకపోతే ఇవి వంటబట్టవు. ఎక్కువైతే బయటికి పోవు.

మొదటి ముక్క చూద్దాం. 1913లో అమెరికాలో విస్కాన్సిన్ అనే చోట మెక్కాలమ్ అని ఒకాయన, మార్గరెట్ డేవిస్ అని ఒకావిడ, ఎలకలకి తిండి పెట్టి చూశారు. పిండిపదార్థం ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, ఉప్పులున్నాయి, కొవ్వు కూడా ఉంది. కాకపోతే ఆ కొవ్వు పంది కొవ్వో, ఆలివ్ నూనో. కొన్నాళ్ళు పెరిగి ఎలకలు ఆగిపోయాయి. అదే తిండిలో వెన్న కొవ్వు వేశారు, మళ్ళీ పెరిగాయి. గుడ్డు పచ్చసొన నుంచి తీసిన కొవ్వు వేశారు, అప్పుడూ పెరిగాయి. అంటే వెన్నలో ఏదో ఉంది, పంది కొవ్వులో అది లేదు. ఆ 'ఏదో' తర్వాత ఏ విటమిను అయింది. అప్పటిదాకా కడుపు నిండితే చాలు, బలం వస్తే చాలు అనుకునేవారు. ఎలకలు కాదన్నాయి.

ఇప్పుడు మన వంటింట్లోకి వద్దాం. తోటకూర, బచ్చలి, మునగాకు, పొన్నగంటి కూర, గుమ్మడికాయ, క్యారెట్టు, పండిన మామిడి. వీటిలో ఉన్నది నేరుగా ఏ విటమిను కాదమ్మా. కెరోటిన్ ఉంటుంది. దాన్ని పేగు, లివరు కలిసి ఏ విటమినుగా మార్చుకోవాలి. తిండిలోని కెరోటిన్ సుమారు పన్నెండు మైక్రోగ్రాములు ఉంటే ఒక మైక్రోగ్రాము విటమిను తయారవుతుందని లెక్క. అదీ వంటబడితేనే. వంటబట్టాలంటే కూరలో కాస్త కొవ్వుండాలి. కొవ్వు పేగులోకి వస్తేనే పైత్యరసం గట్టిగా దిగుతుంది. ఆ పైత్యరసమే కొవ్వునీ విటమిన్లనీ కలిపి సన్నటి బొట్లుగా చేసి పేగు గోడ దాటిస్తుంది. ఆకుకూర ఉడకేసి, పిండేసి, నూనె చుక్క తగలకుండా తింటున్నవాళ్ళు ఇప్పుడు మన టౌన్లోనే ఎంతమంది! షుగరని, కొలెస్ట్రాలని భయం. నూనె తగ్గించండి, నేను కాదనను. డబ్బాలు డబ్బాలు పోసెయ్యమని నేను అనట్లేదు. కానీ మనిషికి ఒక చెంచా నూనెతో పోపైనా పెట్టండి. పప్పులో నెయ్యి వేసుకున్న మన పెద్దలు తెలివితక్కువవాళ్ళు కారు.

ఇంకో సంగతి. పైత్యరసం దారి మూసుకుపోతే, అంటే రాయి అడ్డుపడి పచ్చకామెర్లు వచ్చినవాళ్ళకి, ఎంత నెయ్యి పోసినా ఈ నాలుగు విటమిన్లూ లోపలికి పోవు. వాళ్ళకి ముందు తగ్గేది కె విటమిను. అందుకే ఆపరేషనుకి ముందు ఇంజెక్షను ఇస్తారు, లేకపోతే కోసిన చోట రక్తం ఆగదు.

ఏ విటమిను గురించి ఇక్కడ ఉన్న అంగన్‌వాడీ అమ్మలకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా చెప్తాను. రెటీనాలో చీకట్లో చూడ్డానికి పనికొచ్చే ఒక పదార్థం ఉంటుంది, రొడాప్సిన్. దాన్ని తయారుచేయడానికి ఏ విటమిను కావాలి. అది తగ్గితే మొదట పోయేది మసక వెలుగులో చూపు. పొద్దున్న బాగానే ఆడుకున్న గుంట దీపాలు పెట్టే వేళకి గోడ పట్టుకుని నడుస్తుంది, అన్నం కంచం కోసం తడుముకుంటుంది. తల్లి "బద్ధకం" అంటుంది. బద్ధకం కాదు, రేచీకటి. ఆ తర్వాత కంటి తెల్లగుడ్డు ఎండుతుంది. దాని మీద నురగలాగా తెల్లటి మచ్చ వస్తుంది, బిటో మచ్చ అంటాం. అప్పటికీ పట్టించుకోకపోతే నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోతుంది. ఇక ఆ చూపు తిరిగి రాదు. నేను చదువుకునే రోజుల్లో వార్డులో అలాంటి గుంటల్ని చూశాను. ఈనాటి డాక్టర్లు పుస్తకంలో బొమ్మ మాత్రమే చూస్తున్నారు, అది మంచిదే.

ఎలా తగ్గింది మరి? 1970లో మన ప్రభుత్వం పిల్లలకి పెద్ద మోతాదులో ఏ విటమిను ద్రావణం పట్టించే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆరునెలలకి ఒకసారి చాలు, ఎందుకు చాలు? పురి ఉంది కదా! లివరు దాచుకుంటుంది. ఇప్పుడు తొమ్మిదో నెలలో తట్టు టీకాతోపాటు లక్ష యూనిట్లు, తర్వాత ఆరునెలలకోసారి రెండు లక్షలు, అయిదేళ్ళు వచ్చేలోగా తొమ్మిది డోసులు. ఒక్క డోసుతోనే అయిపోయిందనుకుని రెండో ఏడాది నుంచి తీసుకురావడం మానేసే తల్లులున్నారు, ఉన్నారా లేరా? మీరే చెప్పాలి.

ఇది కంటికే కాదు, ప్రాణానికీ పనికొస్తుందా అని పెద్ద చర్చ నడిచింది. 1986లో ఇండోనేషియాలో చేసిన పరిశోధనలో, డోసులిచ్చిన ఊళ్ళలో పిల్లల చావులు మూడోవంతు తగ్గాయన్నారు. 1990లో తమిళనాడులో వారం వారం చిన్న డోసు ఇచ్చి చూస్తే సగానికి పైగా తగ్గాయి. అదే ఏడాది హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్ళలో మన పోషకాహార సంస్థవాళ్ళు చేసిన పరిశోధనలో తేడా ఏమీ కనపడలేదు. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లల మీద చేశారు, 2013లో ఫలితం వచ్చింది, తేడా చాలా స్వల్పం. అంటే ఏటి? కొరత బాగా ఉన్నచోట, తట్టు విజృంభించేచోట డోసు ప్రాణం నిలబెడుతుంది. టీకాలు, తిండి మెరుగుపడ్డచోట దాని ప్రభావం అంత కనపడదు. నా మటుకు నేను రెండూ కావాలంటాను. డోసు ఆపొద్దు. డోసు ఉంది కదా అని మునగాకు మానొద్దు. తట్టు వచ్చిన పిల్లకి మాత్రం తప్పనిసరిగా వరుసగా రెండు రోజులు డాక్టరు చేత డోసు వేయించండి. అమ్మవారు పోసిందని ఇంట్లో దాచిపెట్టకండి.

చేపల సంగతి మరిచిపోయాను. మనకి కళింగపట్నం, భావనపాడు, బారువ, అంతా సముద్రమే కదా. చిన్న చేపలు తల, కళ్ళతో సహా తినేవి ఉంటాయి, వాటిలో ఏ విటమిను బాగా ఉంటుంది. ముళ్ళతో నమిలేస్తే కాల్షియమూ వస్తుంది. కవళ్ళలో డి విటమిను ఉంటుంది. పెద్ద చేప ముక్కే గౌరవం అనుకుని నెత్తళ్ళని తక్కువగా చూడకండి. మేక కార్జం అయితే ఏ విటమినుకి పుట్టిల్లు. కానీ గర్భిణులు అదే పనిగా కార్జం తినకూడదు. ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో ఏ విటమిను మోతాదు మించితే బిడ్డ అవయవాలు ఏర్పడ్డంలోనే లోపాలొస్తాయి. మొటిమలకి ఇచ్చే కొన్ని మాత్రలు ఈ జాతివే. పెళ్ళయిన ఆడపిల్లలు ఆ మాత్రలు డాక్టరుకి చెప్పకుండా వాడకూడదు.

ఎక్కువైతే ఏమవుతుందో ఒక కథ చెప్తాను, నిజంగా జరిగిందే. 1597లో డచ్చి నావికులు ఉత్తరధృవం దగ్గర మంచులో చిక్కుకుపోయారు. ఆకలికి తెల్ల ఎలుగుబంటిని చంపి దాని కార్జం వండుకు తిన్నారు. అందరూ జబ్బుపడ్డారు. ముగ్గురికి ఒంటి చర్మం ఊడి వచ్చింది. ఎలుగుబంటి సీలు చేపల్ని... చేపలంటున్నాను, అవి చేపలు కావు, సీళ్ళని తిని తిని తన లివరులో ఏ విటమిను గుట్టలుగా దాచుకుంటుంది. మనకి ఎలుగుబంటి కార్జం దొరకదు సరే. మందుల షాపులో మాత్రలు దొరుకుతాయి.

ఎండ, ఎముక, కిడ్నీ

డి విటమిను. ఇది నిజానికి తిండి కన్నా ఎండ పెట్టే భిక్ష. 1919లో బెర్లిన్లో హుల్ద్‌షిన్‌స్కీ అనే డాక్టరు, ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్ళొచ్చిన పిల్లలకి ఒక దీపపు కాంతి పెట్టాడు. ఎక్సురేలో ఎముకలు గట్టిపడ్డం కనిపించింది. ఇంకా విచిత్రం, ఒక చేతికే కాంతి పెడితే రెండో చెయ్యి ఎముక కూడా బాగుపడింది! అంటే కాంతి తగిలినచోట ఏదో తయారై రక్తంలో పడి ఒళ్ళంతా తిరుగుతోందన్నమాట. అదే డి విటమిను.

మనకి ఎండకి లోటా? అరసవల్లి సూర్యనారాయణ స్వామి మన ఊళ్ళోనే ఉన్నాడు! ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దుటి కిరణాలు ఆయన పాదాలు తాకుతుంటే చూడ్డానికి తెల్లారకుండా వెళ్ళి నిలబడతాం. దండం పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటాను. కానీ ఒక మాట, ఆ లేత ఎండలో డి విటమిను దాదాపు తయారవ్వదు. చర్మంలో దాన్ని తయారుచేసే అతినీలలోహిత కిరణం, బి రకం, సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు గాలిలోనే ఆగిపోతుంది. సూర్యుడు పైకెక్కాలి. ఎంత? గడియారం అక్కర్లేదు, మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే పని జరుగుతోంది. పొడుగ్గా ఉంటే వ్యాయామమే. మే నెలలో మనకి తొమ్మిదింటికే నీడ పొట్టిదైపోతుంది. డిసెంబరులో పదకొండు కావస్తుంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం నిలబడి వడదెబ్బ తెచ్చుకుని నా పేరు చెప్పకండి. మన చర్మపు రంగుకి ముఖం, చేతులు, కాళ్ళు తగిలేలా ఇరవై నిమిషాలో అరగంటో, వారంలో మూడు నాలుగు రోజులు. అద్దం వెనక కూర్చుంటే రాదు, ఆ కిరణాన్ని అద్దం ఆపేస్తుంది.

మరి ఇంత ఎండ ఉన్న దేశంలో కొరతేమిటి? తిరుపతి చుట్టుపక్కల పరీక్షలు చేసి చూసినప్పుడు టౌన్లోనే కాదు, పల్లెల్లో కూడా చాలామందికి తక్కువే ఉందని తేలింది. పొలంలో ఉండేవాళ్ళు కొంత నయం. ఇంట్లోనే ఉండే ఆడవాళ్ళు, పొద్దున్న ఆరింటికి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి వచ్చే కోచింగు పిల్లలు, మేడ మీద బట్టలారేయడానికి కూడా వెళ్ళని మన అపార్టుమెంటు పెద్దమనుషులు... మీరు నవ్వుతున్నారు గానీ మాస్టారూ, మీ డి విటమిను ఎంతుందో చూపించుకున్నారా?

ఇక ఉద్దానం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన జిల్లాలోని ప్రాంతం. ఇది చెప్పకుండా శ్రీకాకుళంలో డి విటమిను గురించి మాట్లాడకూడదు. చర్మంలో తయారైన డి విటమిను అలాగే పనిచెయ్యదు. మొదట లివరులో ఒక మార్పు, ఆ తర్వాత కిడ్నీలో ఇంకో మార్పు. రెండోది జరిగాకే పేగులోంచి కాల్షియం లాగుతుంది. కిడ్నీ పాడైతే ఆ ఆఖరి మార్పు ఆగిపోతుంది. ఎండలో కొబ్బరితోటలో, జీడితోటలో రోజంతా పనిచేసిన మనిషే, అయినా ఒంట్లో పనికొచ్చే డి విటమిను ఉండదు. కాల్షియం పడిపోతుంది. మెడ దగ్గర పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి, అవి గాభరాపడి ఎముకలోంచి కాల్షియం లాగేస్తాయి. ఎముక నొప్పులు, కండరాల నీరసం, చిన్న దెబ్బకే విరగడం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడుంటే, మీ ఇళ్ళలో ఇది చూసే ఉంటారు.

జాగ్రత్తగా వినండి. డి విటమిను తక్కువవడం వల్ల ఉద్దానం జబ్బు వచ్చిందని నేను అనట్లేదు. ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కిడ్నీ పోయాక డి విటమినుకి ఏమవుతుందో అది చెప్తున్నాను. వీళ్ళకి డాక్టర్లు రాసే మామూలు డి విటమిను పొడి పొట్లం సరిపోకపోవచ్చు. కిడ్నీ చెయ్యాల్సిన మార్పు ముందే జరిగిన మందు, కాల్సిట్రియాల్ లాంటిది, రక్తపరీక్ష చూసి ఇస్తారు. అది పలాసలోనో విశాఖలోనో కిడ్నీ డాక్టరు రాయాల్సిన మందు. ఎవరో బంధువు చెప్పాడని కొనేది కాదు. అలాగే కిడ్నీ జబ్బున్నవాళ్ళు బలానికని విటమిను మాత్రలు వేసుకోవద్దు. వాటిలో ఏ విటమిను ఉంటే అది వీళ్ళ ఒంట్లో పేరుకుపోతుంది.

మిగతావాళ్ళకి పొడి పొట్లం సంగతి. అరవై వేల యూనిట్లది. పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది ఆరువందలు. లెక్క వెయ్యండి మాస్టారూ, మీరు లెక్కల టీచరే కదా. ఒక్క పొట్లం నూరు రోజుల సరుకు! అందుకే వారానికొకటి, చాలామందికి ఎనిమిది వారాలు అని రాస్తాం. చీటీ సరిగ్గా చదవక రోజుకొకటి వేసుకున్నవాళ్ళు ఆసుపత్రుల్లో చేరుతుంటారు. వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మగత. రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీ దెబ్బతింటుంది. పొట్లం మానేసినా వెంటనే దిగదు, కొవ్వులో దాక్కుని ఉంది కదా. ఎనిమిది వారాల మందుని "ఒళ్ళునొప్పులు తగ్గాయండీ" అని రెండేళ్ళు వేసుకున్నవాళ్ళున్నారు. పరీక్ష చేయించకుండా కొనసాగించకండి.

కె విటమిను. డెన్మార్కులో హెన్రిక్ డామ్ కోడిపిల్లలకి కొవ్వు లేని మేత పెడితే వాటికి చర్మం కింద రక్తం కారింది. దానికీ, ఆ తర్వాతి పనికీ 1943 నోబెల్ బహుమతి ఇంకొకాయనతో కలిపి ఇచ్చారు. రక్తం గడ్డకట్టడానికి లివరు తయారుచేసే కొన్ని పదార్థాలు ఈ విటమిను లేకపోతే పనిచెయ్యవు. పుట్టిన బిడ్డలో ఇది చాలా తక్కువ. తల్లి నుంచి మాయ దాటి సరిగ్గా రాదు, తల్లిపాలలోనూ తక్కువే, పేగులో దాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు ఇంకా చేరలేదు. అందుకని పుట్టగానే తొడకి ఒక మిల్లీగ్రాము ఇంజెక్షను వేస్తాం. "పుట్టీ పుట్టగానే సూదేటి బాబూ" అంటారు నాయనమ్మలు. ఆ సూది వెయ్యకపోతే కొద్దిమంది పిల్లలకి మెదడులో రక్తం కారుతుంది. ఎవరికి కారుతుందో ముందుగా తెలీదు. అందుకే అందరికీ వేస్తాం.

గుండెలో ఇనుప కవాటం పెట్టించుకున్నవాళ్ళు మన జిల్లాలో తక్కువేం లేరు. వాళ్ళు రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు. ఆ మాత్ర పుట్టిందే ఆవుల నుంచి. 1933లో విస్కాన్సిన్లో ఒక రైతు మంచు తుఫానులో చచ్చిన పెయ్యనీ, గడ్డకట్టని రక్తం నింపిన పాలక్యాన్నీ బండిలో వేసుకుని యూనివర్సిటీకి తీసుకొచ్చాడు. బూజుపట్టిన గడ్డి మేశాయి ఆయన ఆవులు. ఆ గడ్డిలో కె విటమినుని అడ్డుకునే పదార్థం ఉంది. దానికి చుట్టమే వార్ఫరిన్, 1948లో మొదట ఎలకల మందుగా అమ్మారు. ఎలకల మందు అన్నానని భయపడి మాత్ర మానెయ్యకండి బాబూ, కవాటం మూసుకుపోతుంది! మోతాదు చూసి వాడితే అదే ప్రాణం కాపాడుతోంది. ఆకుకూరల్లో కె విటమిను ఉంటుంది, అది ఈ మాత్రకి ఎదురు పనిచేస్తుంది. దాంతో వీళ్ళు ఆకుకూర మొత్తం మానేస్తారు. అలా వద్దు. వారమంతా మానేసి ఆదివారం తోటకూర గిన్నెడు తినడమే ప్రమాదం. రోజూ ఒకే మాదిరిగా కొంచెం తినండి, దానికి తగ్గట్టు డాక్టరు మాత్ర సర్దుతారు. నెలనెలా పరీక్ష మాత్రం తప్పొద్దు.

ఇ విటమిను మీద ఎక్కువ చెప్పను. నూనెల్లో, వేరుశెనగ గింజల్లో, బాదంలో ఉంటుంది. మామూలు తిండి తినే మనిషికి దీని కొరత చాలా అరుదు. అయినా ఆకుపచ్చ గొట్టం మాత్రలు జుట్టుకని, ముఖానికని, పిక్కలు పట్టేస్తున్నాయని కొనేస్తారు. అమెరికాలో ముప్పైఅయిదు వేల మంది మగవాళ్ళతో పరిశోధన చేస్తే, రోజూ నాలుగు వందల యూనిట్ల ఇ విటమిను వేసుకున్నవాళ్ళలో ప్రోస్టేటు క్యాన్సరు నూటికి పదిహేడు వంతులు ఎక్కువగా కనిపించింది. 2011లో ఆ సంగతి బయటపెట్టారు. మన సముద్రపు ఒడ్డున అడ్డపొగ పీల్చే, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అమ్మలకి ఇంకో మాట. ఫిన్లాండులో పొగతాగే మగవాళ్ళకి కెరోటిన్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు, పెరిగింది. మాత్ర వేసుకుంటే చుట్ట విషం విరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్రశ్నలు

నూనె ప్యాకెట్టు మీద ప్లస్ ఎఫ్ అని నీలం గుర్తు ఉంటుంది, ఏటది అని అడుగుతున్నారు. ఏ, డి విటమిన్లు కలిపారని అర్థం. మంచిదే. పాలలో కూడా కలుపుతున్నారు. కానీ ఆ నూనెలో మిరపకాయ బజ్జీలు మళ్ళీ మళ్ళీ వేయిస్తే అందులో ఏ విటమిను చాలామటుకు పోతుంది. అలాగే ఎండ తగిలే గూట్లో పారదర్శకపు సీసాలో పోసి పెట్టకండి.

వెనక నుంచి ఆ అమ్మ ఏదో అడుగుతోంది, గట్టిగా చెప్పు తల్లీ. ఆఁ. మంచి ప్రశ్న. వలస వెళ్ళి వచ్చిన కుటుంబం, గుంటకి అక్కడ ఏ విటమిను డోసు వేశారో లేదో తల్లికి గుర్తులేదు, ఇక్కడ వెయ్యొచ్చా అని. ముందు కార్డు చూడండి. కార్డు లేకపోతే తల్లిని ఇలా అడగండి, ఈ మధ్య చెంచాతో పచ్చటి నూనెలాంటి మందు పట్టారా అని. పేరు గుర్తుండకపోయినా చెంచా గుర్తుంటుంది. ఆరునెలలు దాటిందంటే నిక్షేపంగా వెయ్యండి. పోయిన నెలలోనే పట్టారంటే వెయ్యొద్దు. ఏమీ తేలకపోతే రాసుకుని ఏఎన్ఎం గారిని అడగండి. కంట్లో మచ్చ గానీ రేచీకటి గానీ తట్టు గానీ ఉంటే మాత్రం ఆ లెక్కలన్నీ పక్కన పెట్టి అదే రోజు పీహెచ్‌సీకి పంపించండి. ఇంకో సంగతి, సీసాతో వచ్చిన చెంచా పారెయ్యకండి. అందులో సగం గీత ఒక మిల్లీలీటరు, అంటే లక్ష యూనిట్లు. ఇంట్లో చెంచాతో కొలిస్తే లెక్క తప్పుతుంది. సీసా మూత తీసిన తేదీ దాని మీదే రాయండి, రెండు నెలలు దాటనివ్వకండి.